యదుగిరి కథలు, వాని తాత్పర్యము

శ్రీవైష్ణవులు కోయిల్ అనిన శ్రీరంగమని, తిరుమల అనిన వేంకటాద్రి అని, పెరుమాళ్ కోయిల్ అనిన కాంచీపురమని గ్రహింతురు. ఈ మూడు పేర్ల వెంట నాల్గవదిగా పెద్దలు స్మరించునది తిరునారాయణపురము. కన్నడదేశమున దీనికి మేలుకోటె అని వాడుక. ఆళ్వారుల పాశురములలో ఈ క్షేత్రమునకు మంగళాశాసనము లేదు. కావున నూటయెనిమిది దివ్యదేశముల లెక్కలో ఇది చేరదు. చేరకయే ఆ మూడింటి సరసన నిలిచినది. అందులకు కారణము భగవద్రామానుజులు. వారు ఈ కొండపై పండ్రెండు సంవత్సరములు నివసించి, ఇచటి ఆరాధనమును స్వయముగా తీర్చిదిద్దిరని గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి.

ఈ కొండను గూర్చి మమ్ము అడిగిన భక్తులు రెండు విధములు. పెద్దవారు కథలు చెప్పుమందురు. చదువుకొన్న యువకులు ఆ కథలు నిజమేనా అందురు. రెండును న్యాయమైన కోరికలే. మొదట కథలు చెప్పి, పిదప నిజమను మాటకు వత్తుము.

మేలుకోటె కర్ణాటకమున మండ్య జిల్లా, పాండవపుర తాలూకాలోనిది. మైసూరునకు ఉత్తరముగా సుమారు 50 కిలోమీటర్ల దూరము. సముద్రమట్టమునకు మూడువేల అడుగులకు పైబడిన రాతికొండపై కొద్ది వేల జనులున్న చిన్న ఊరు. ఊరి నడుమ తిరునారాయణస్వామి ఆలయము. స్వామికి చెలువనారాయణుడని కన్నడ నామము. ఊరికి పైన నిటారుగా లేచిన శిఖరముపై యోగనరసింహుడు. ఆ శిఖరపు పాదమున కల్యాణి అను పుష్కరిణి, చుట్టును రాతి మెట్లు, మంటపములు. ఊరి అంచున నాలుగు మహాస్తంభములతో, పైకప్పు లేకయే ఆగిపోయిన రాయగోపురము. ఆరంభించినవారు ఏల విడిచిరో తెలియని ఆ అసంపూర్ణ ద్వారము క్రింద నిలిచినపుడు, పూర్తియైన గోపురములు కలిగింపని ఒక భావము కలుగును.

యుగమునకొక పేరు ఈ కొండకు కలదు. కృతయుగమున నారాయణాద్రి, త్రేతాయుగమున వేదాద్రి, ద్వాపరమున యాదవాద్రి, కలియుగమున యతిశైలము. దత్తాత్రేయుడు ఇచట వేదములను బోధించుటచే వేదాద్రి అయినదందురు. యతిశైలమనగా రామానుజయతి వలన వచ్చిన పేరు. పాంచరాత్రమున ఈశ్వరసంహిత ఈ క్షేత్రమునకు ప్రమాణగ్రంథము. శ్రీరంగమునకు పారమేశ్వరము, కాంచికి పాద్మము ఎట్లో, యాదవాద్రికి ఈశ్వరసంహిత అట్లు. క్షేత్రమాహాత్మ్యము ఆ సంహితలోనే చెప్పబడినది.

ఇచటి మూలమూర్తికి తిరునారాయణుడని, ఉత్సవమూర్తికి రామప్రియుడని పేరు. రామునకు ప్రియుడు కనుక రామప్రియుడు. శ్రీరామచంద్రుడు ఇంటిదైవముగా పూజించిన మూర్తి కుశునకు వచ్చినది. కుశుని కూతురు కనకమాలిని యదువంశపురాజును వివాహమాడి అత్తవారింటికి పోవునపుడు, పుట్టింటి దేవుని వెంటబెట్టుకొని పోయినది. అట్లు సూర్యవంశపు దేవుడు చంద్రవంశమునకు వచ్చెను. బలరాముడు తీర్థయాత్రలో ఈ కొండనెక్కి నారాయణుని చూచి, ద్వారకలోని మా దేవుడును ఇట్లే ఉండునుగదా అని ఆశ్చర్యపడి, కృష్ణునితో కూడ రామప్రియుని ఇచటికి గొనివచ్చి సరిపోల్చెను. నాటినుండి ఇరువురు ఒకే గుడిలో ఉన్నారు. కూతురు అత్తవారింటికి దేవుని కొనిపోవుట మన తెలుగిండ్లలోను ఉన్నదే. అందుచే ఈ కథ వినినపుడు మన స్త్రీలు దీనిని పరాయికథగా తలపరు.

పిదప కలియుగవృత్తాంతము. చోళదేశమున క్రిమికంఠుడని గురుపరంపర పేర్కొను రాజు ఆచార్యులను హింసించెను. కూరేశులు గురువును కాపాడ తాము గురువేషమున సభకుపోయి కన్నులు కోల్పోయిరి. రామానుజులు తెల్లని వస్త్రములు ధరించి పడమటికి పోయి, అడవులు దాటి హొయ్సల రాజ్యమున తొండనూరు చేరిరి. అచట బిట్టిదేవుడు వారిని ఆశ్రయించి విష్ణువర్ధనుడయ్యెను. ఒకనాడు ఆచార్యులకు ఊర్ధ్వపుండ్రమునకు వలసిన తిరుమణ్ అయిపోయెను. ఆ రాత్రి స్వప్నమున నారాయణుడు కనిపించి, యదుగిరిపై తులసివనమున పుట్టలో నేనున్నాను, తెల్లమన్నును అచటనే కలదు అని తెలిపెను. బహుధాన్య సంవత్సరము పుష్యమాసమున పునర్వసునాడు ఆచార్యులు పుట్టను త్రవ్వించి స్వామిని వెలికితెచ్చిరి. పూజకు మొదట పాలతో కడిగినది వారి చేతులే అందురు.

మూలమూర్తి దొరికెను గాని ఉత్సవమూర్తి లేడు. ఆ మూర్తి ఢిల్లీ పాదుషా ఇంటనున్నదని స్వామి తెలిపెను. అప్పటికి మిగుల వృద్ధులైన రామానుజులు ఢిల్లీకి పోయిరి. పాదుషా కొల్లసొమ్మునున్న కొట్టు చూపగా అందు రామప్రియుడు లేడు. రాజకుమారి ఆ మూర్తిని తన మందిరమున ఉంచుకొని, అలంకరించి, ఊయలనూచి, తోడుగా ఆడుకొనుచుండెను. ఆచార్యులు చేతులు చాచి, నా ముద్దుబిడ్డా రమ్మని అరవమున పిలిచిరి. మూర్తి గజ్జెలు మ్రోగుచుండగా నడచివచ్చి వారి ఒడిలో కూర్చుండెను. నాటినుండి స్వామి శెల్వపిళ్ళై, సంస్కృతమున సంపత్కుమారుడు. బిడ్డను పోగొట్టుకొన్నవారు పిలిచినట్లు పిలిచిన ఆ పిలుపు తలచినప్పుడెల్ల మాకు కంఠము గద్గదమగును.

రాజకుమారి ఆ ఎడబాటునోర్వక వెంట వచ్చినది. యదుగిరి చేరి స్వామి పాదములయందు లీనమైనది. నేటికిని ఉత్సవమూర్తి పాదములకడ ఆమె ప్రతిమ కలదు. బీబీ నాచ్చియార్ అని పేరు. ఆమెకు మతము మార్చిరని గాని, పేరు మార్చిరని గాని కథ చెప్పుట లేదు. బీబీ అను మాట అట్లే నిలిచినది.

మరలివచ్చు మార్గమున ఒక ఉపద్రవము కలిగెను. అడవిలో దొంగలు మూర్తికై వెంటబడిరి. వారిని ఎదిరించి, మూర్తిని భద్రముగా కొండకు చేర్చినవారు ఊరివెలుపల నివసించు, ఊరివారు అంటరానివారని దూరముంచిన జనులు. ఆచార్యులు వారిని తిరుక్కులత్తార్ అని పిలిచిరి. తిరు అనగా శ్రీ, శ్రీకులమువారని అర్థము. ఏటేట ఉత్సవమున మూడు దినములు వారు కల్యాణిలో స్నానముచేసి ఆలయమున ప్రవేశించి స్వామిని సేవించు హక్కును ఏర్పరచిరి.

ఇక నిజమను మాటకు వత్తుము.

పాఠశాలలో మీమాంస చదివినవారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. వేదమునందే ఇది పుట్టినది. వేదమున విధివాక్యములున్నవి, ఇది చేయవలెనని చెప్పునవి. అర్థవాదములున్నవి, స్తుతిగా కథగా ఉండునవి. జైమిని పూర్వమీమాంసయందు మొదటి అధ్యాయపు రెండవ పాదమున ఈ అర్థవాదములను విచారించెను. ప్రతిపక్షి ఇట్లనును: ఈ కథలలో కొన్ని ప్రత్యక్షమునకు విరుద్ధములు, కొన్ని అందరికి తెలిసినవి, వీనివలన చేయవలసినదేమియు తేలుట లేదు, కావున ఇవి వ్యర్థములు. సిద్ధాంతి యిచ్చు సమాధానము: అర్థవాదము విడిగా నిలిచిన వాక్యము కాదు. విధితో కలిసి ఏకవాక్యమగును. కథ యేది చేయింపదలచినదో దానియందే కథకు ప్రామాణ్యము.

పిదపి ఆచార్యులు అర్థవాదమును మూడు విధములుగా విభజించిరి. ఇతర ప్రమాణముతో విరోధించునది గుణవాదము. యూపస్తంభము సూర్యుడని చెప్పిన, కొయ్య సూర్యుడు కాదని కన్నులు చూచుచున్నవి. దాని ప్రకాశమును పొగడుట అని గ్రహింపవలెను. ఇతర ప్రమాణముచే ముందే తెలిసినది అనువాదము. నిప్పు చలికి మందు అనుట వంటిది. విరోధమును లేక, వేరు నిరూపణమును లేనిది భూతార్థవాదము. ఇంద్రుడు వృత్రునిపై వజ్రమునెత్తెననుట వంటిది.

ఈ కొలబద్దను యదుగిరికి పెట్టి చూతము. కనకమాలిని కథ, బలరాముని కథ, యుగనామములు భూతార్థవాదములు. వానిని కాదనుటకు సాక్ష్యము లేదు, ఔననుటకు శాసనము లేదు. భక్తుడు వానిని భక్తితో గ్రహించును, అంతియే.

శాసనములు పలుకునవి కొన్ని కలవు. విజయనగరకాలమున తిమ్మణ్ణ దండనాయకుడు 1458 ప్రాంతమున శిథిలమైన ఈ ఆలయమును బాగుచేయించెను. మైసూరు ప్రభువు రాజ ఒడెయరు (పాలనము 1578 నుండి 1617 వరకు) స్వామికి రత్నకిరీటము సమర్పించెను; దానికి రాజముడి అని పేరు. ముకుళితహస్తుడైన ఆ రాజు ప్రతిమ ఆలయస్తంభముపై నేటికిని కలదు. ఆయన 1617లో గర్భగుడిలోనికి పోయి మరల రాలేదని, స్వామియందు ఐక్యమొందెనని ఒక కథ. కిరీటము అనువాదము, ఐక్యము భూతార్థవాదము అని మా విభాగము.

ఢిల్లీ వృత్తాంతమునందు చిక్కు కలదు. సంప్రదాయము ప్రకారము రామానుజుల కాలము 1017 నుండి 1137 వరకు. బహుధాన్య సంవత్సరము ఆ కాలమున 1098-99గా వచ్చును. ఢిల్లీలో సుల్తానుల పాలనము 1206లో గదా మొదలైనది! మాలిక్ కాఫూరు సేనలు హొయ్సలుల ద్వారసముద్రముపైకి వచ్చుట 1311లో. విష్ణువర్ధనుడు సింహాసనమెక్కుటయు సుమారు 1108లో, అనగా ఆ బహుధాన్యకు పదేండ్ల తరువాత. ఇట్టి లెక్కలు చెప్పినచో కొందరు పెద్దలు నొచ్చుకొందురు. నొచ్చుకొనవలసినది లేదు. సంవత్సరములను లెక్కించుట జ్యోతిషము చదివిన మనకు పరాయివిద్య కాదు. పదునాల్గవ శతాబ్దియందు దక్షిణదేశపు గుడులు దోపిడికి లోనైనపుడు, ఉత్సవమూర్తులను దాచి, మోసి, పోగొట్టుకొని, మరల తెచ్చుకొనిన ప్రజల జ్ఞాపకము ఆచార్యుల చరిత్రలో కలిసినదని మా అభిప్రాయము. శ్రీరంగమునను ఇదే కథ రంగనాథుని ఉత్సవమూర్తిని గూర్చి చెప్పుకొందురు. అచటను తురుష్కనాచ్చియార్ కలదు, ఆమె సన్నిధిలో గోధుమరొట్టెల నివేదనము కలదు. రెండు గుడులకు ఒకే కథయైనపుడు, దానిని తేదీవేసిన వృత్తాంతముగా గాక గుణవాదముగా గ్రహించుట శాస్త్రీయము.

గుణవాదమనగా అబద్ధమని అర్థము కాదు. ఏ గుణమును పొగడుటకు పుట్టినదో చూడవలెను. దోపిడికాలమును జ్ఞాపకముంచుకొన్నవారు ద్వేషకథను అల్లుకొని యుండవచ్చును. అల్లలేదు. దోచినవాని కూతురునే స్వామి పాదములకడ కూర్చుండబెట్టిరి. మన సీమలోను ఈ తలపు కలదు. తిరుమల శ్రీనివాసునకు బీబీ నాంచారమ్మ దేవేరి అని తెలుగుజనుల నమ్మకము. ఆమెను తమ ఇంటి ఆడబిడ్డగా భావించి, దేవుని కడప లక్ష్మీవేంకటేశ్వరాలయమునకు ఉగాదినాడు ముస్లిములు వచ్చి పూజలు చేయించుకొనుట కడపజిల్లా వారందరు ఎరిగినదే. అల్లునింటికి పండుగనాడు వచ్చిన చుట్టములను ఎవరు వలదందురు?

తిరుక్కులత్తార్ వృత్తాంతమునకు వచ్చునప్పటికి విచారణ మరింత గట్టిగా సాగవలెను. ఇది కథగా మాత్రము మిగులలేదు. ఆ మూడు దినముల ప్రవేశము వాస్తవముగా నడచినది. మైసూరు సంస్థానమును గూర్చి పందొమ్మిదవ శతాబ్దిలో దొరలు వ్రాసిన గజెటీర్లలో మేలుకోటెలో ఈ హక్కు కలదని నమోదైనది. దేశమంతట ఆలయద్వారములు ఆ జనులకు మూసియున్న కాలమున ఈ చిన్నకొండపై మూడు దినములు తెరచియుండుట సామాన్యము కాదు. రామానుజుల ఆజ్ఞ అనినందుననే దానిని ఎవరును త్రోసివేయలేకపోయిరి. ఇందు కథ విధిని కాపాడినది. అర్థవాదము చేయవలసిన పని ఇదియే.

కాని మీమాంసకుడు ఇచట ఆగరాదు. ఉపకారమునకు ప్రత్యుపకారముగా మూడు దినములిచ్చిరనుట కథ పై అర్థము. దాని తాత్పర్యము మూడు దినములందేనా? తిరుక్కోష్టియూరు గోపురమెక్కి, తనకు నరకము వచ్చినను సరే, అందరు తరింపవలెనని రహస్యార్థమును చాటిన ఆచార్యులు, స్వామిని మోసిన భుజములను ఏడాదిలో మిగిలిన దినములన్నియు వెలుపల నిలుపుమని తలచి యుందురా? ఆ కాలమున, ఆ ఊరివారిచే ఒప్పింపగలిగినది మూడు దినములు. వారు తలుపు సందున కాలుంచి పోయిరి. దానిని పూర్తిగా తెరచుట వెనుకవారి పని. వెనుకవారు ఎనిమిదివందల ఏండ్లు ఆ మూడు దినములనే శాస్త్రముగా కొలిచి, నాల్గవ దినమున తలుపు వేసిరి. కథను ఉపన్యాసములలో కన్నీళ్ళతో చెప్పుచునే వేసిరి. విధిని విడిచి అర్థవాదమును మాత్రము పఠించుట అనగా ఇదియే.

ఆ తలుపును తుదకు తెరచినది పండితసభలు కావు. 1936లో తిరువాన్కూరు మహారాజు ప్రకటన, 1947లో మద్రాసు రాష్ట్రపు ఆలయప్రవేశ చట్టము, 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము తెరచినవి. మద్రాసు చట్టము నాటి మన సర్కారు జిల్లాలకు, రాయలసీమకు కూడ వర్తించినది. ఆగమమునకు భంగమని వాదించిన పండితులును ఆనాడు ఉండిరి. వారిలో రామానుజ సంప్రదాయమువారును ఉండిరనుట మాకు దుఃఖము కలిగించును. స్వామి ఇంటికి చేరినది ఎవరి భుజములపైననో వారు ప్రతిదినము చదువు గ్రంథములోనే యుండెను. గాంధీమహాత్ముడు హరిజనులను పేరు వాడుకకు తెచ్చుటకు ఎన్నో శతాబ్దులకు ముందే శ్రీకులమువారను పేరు పుట్టినది. నేడు ఆ జనులు ఇతరులిచ్చిన పేర్లను వలదని దళితులమని తమ్ము తాము చెప్పుకొనుచున్నారు. అదియు వారి హక్కే. మన పల్లెలలో కొన్నియెడల చట్టము వచ్చి డెబ్బదియేండ్లు దాటినను గుడిమెట్లకడ సంకోచము మిగిలియున్నదని వినుచున్నాము. ఆ ఊళ్ళలో యదుగిరికథను చెప్పుటకు పిలిచినచో, మొదట ఆ మెట్లను గూర్చియే అడుగుదుము.

వైరముడి ఉత్సవమును గూర్చి చెప్పకున్న భక్తులు అలుగుదురు. ఫాల్గుణమాసమున బ్రహ్మోత్సవములలో ఒకరాత్రి స్వామి గరుడవాహనముపై వజ్రకిరీటము ధరించి ఊరేగును. ప్రహ్లాదుని కుమారుడు విరోచనుడు క్షీరసాగరశాయి కిరీటమును అపహరింపగా, గరుత్మంతుడు పాతాళమునుండి దానిని మరల తెచ్చెను. దారిలో బృందావనమున బాలకృష్ణుని చూచి, ఆయన తలపై పెట్టగా సరిపోయినది. కృష్ణుడు దానిని రామప్రియునకు అలంకరించెను. ఆ కిరీటమునకు పగటివెలుగు సోకరాదను నియమము. కావున ఉత్సవము రాత్రియే. సంవత్సరమంతయు అది మండ్యలో ప్రభుత్వ ఖజానాలో ఉండును. ఉత్సవమునాడు పోలీసు కాపలాతో పెట్టె బయలుదేరగా, దారిపొడుగునను పల్లెజనులు దానికి హారతులిత్తురు. గరుడుడు మోసిన కిరీటమును నేడు సర్కారువారి బండి మోయుచున్నదని మేము ఒకరితో అనగా, ఆ బండియు గరుడుడేనని వారు బదులు చెప్పిరి.

అక్కచెల్లెండ్ర కొలనులని జంట కొలనులు ఆ ఊర కలవు. ఇద్దరు తోబుట్టువులు చెరియొకటి త్రవ్వించిరట. ఒకతె ప్రతి కాసునకు లెక్క చూచుకొని పుణ్యమును కొలుచుకొనెను, మరియొకతె లెక్క చూడలేదు. అందుచే ఒక కొలనునీరు త్రాగుటకు పనికివచ్చును, రెండవది పనికిరాదు. ఇది ఏ సంహితలోను లేదు, ఊరివారి నోటి కథ. మూడు దినములా నాలుగు దినములా అని లెక్కించినవారిని తలచినపుడెల్ల మాకు ఈ కొలనులు జ్ఞాపకమునకు వచ్చును.

రామానుజులు శ్రీరంగమునకు మరల బయలుదేరినపుడు, శిష్యులు ఎడబాటునకు తాళలేకపోయిరి. ఏబదియిద్దరు శిష్యులను స్వామి కైంకర్యమునకు నియమించి, తమ విగ్రహమొకటి చేయించి వారికిచ్చి ఆచార్యులు కొండ దిగిరి. ఆ విగ్రహము తమర్ ఉగంద తిరుమేని, భక్తులు మెచ్చిన మూర్తి, ఆలయమున నేటికిని సేవింపవచ్చును. ఆ సన్నిధి ముందు నిలిచినవారు తొందరపడి కదలిపోవుట మేము చూడలేదు.

మన ప్రాంతమునుండి పోవువారు బెంగళూరు మీదుగా మండ్యకో, మైసూరుకో రైలులో చేరి, అచటినుండి బస్సుపై కొండ చేరవచ్చును. వైరముడి రాత్రి జనసమ్మర్దము మిక్కుటము. వృద్ధులు ఇతరదినములందు పోవుట మేలు. ఉదయము కల్యాణిలో స్నానము, పిదప తిరునారాయణుని సేవ, ఎండ ఎక్కకముందే యోగనరసింహుని శిఖరము అను వరుస బాగుండును. పైకి సుమారు మూడువందల మెట్లు. రాముడు సీతమ్మ దాహము తీర్చుటకు బాణముతో రాతిని చీల్చెనని చెప్పు ధనుష్కోటిని చూడగోరువారు సాయంకాలము పోవచ్చును. ఊరిలో దొరకు పుళియోగరె మన పులిహోరకంటె నల్లగా, మిరియపుఘాటుతో ఉండును. పసుపురంగు లేదని చూచి వెనుదీయరాదు. కల్యాణి మెట్లు పాతవి, నీటికడ నాచు పట్టియుండును. చేయి పట్టుకొని దిగవలెను.